సాక్షి సంతకం

శుక్రవారం పొద్దున్నే లాజరు బకెట్‌లో నీళ్లు, కొబ్బరిపీచు, చిన్న చీపురు పట్టుకొని బొందలగడ్డకు పోయాడు. వారానికోసారి కడగకపోతే భార్య ఎస్తేరమ్మ సమాధి మీద పేరు కనిపించదు. పక్కనే సురేందర్ రైస్‌మిల్లు. బాయిలర్‌లో కాలిన ఊక బూడిదను మొదట్లో మిల్లు వెనక గుంతలో పోసేవాళ్లు. గుంత నిండాక ట్రాక్టర్లతో తెచ్చి బొందలగడ్డలోనే కుమ్మరించడం మొదలుపెట్టారు. మట్టిలో గుచ్చిన కర్ర సిలువలన్నీ ఆ నల్లటి దిబ్బల కింద పోయాయి. ఎస్తేరమ్మది సిమెంటు సమాధి కాబట్టి ఇంకా మిగిలింది.

ముందే నీళ్లు పోస్తే బూడిద తారులా పట్టుకుంటుంది. అందుకని మొదట పొడిగా ఊడ్చాడు. తర్వాత అక్షరాల సందుల్లోది వేపపుల్లతో గీకాడు. ‘స్తే’ కింద ఒత్తులో ఎంత గీకినా కొంత మిగిలిపోతుంది. ముప్పై నాలుగేళ్లు బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించిన చెయ్యి అది. అరవై ఎనిమిదేళ్ల వయసులో గొంతుక్కూర్చుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయి.

రోడ్డు మీద కారు ఆగింది. సునీల్ పాస్టరు దిగాడు. ఆరేళ్ల కింద కోదాడ నుంచి వచ్చి ఈ సంఘాన్ని నడుపుతున్నాడు. తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా, తెల్ల బూట్లు. బూడిద మొదలయ్యే చోట ఆగిపోయి, చెయ్యి ఊపి లాజరునే తన దగ్గరికి పిలిచాడు.

ముందు ఆరోగ్యం అడిగాడు. ఎస్తేరమ్మ గారు ఎంత ప్రార్థనాపరురాలో గుర్తు చేసుకున్నాడు. ఆ తర్వాత బాప్తిస్మాల రిజిస్టరు సంగతి ఎత్తాడు. లాజరు పాతికేళ్లుగా సంఘానికి కార్యదర్శి. రిజిస్టరు ఆయన ఇంట్లో ఇనుప పెట్టెలో ఉంటుంది. కల్యాణి బాప్తిస్మం వివరాలు ఒక కాగితం మీద దింపి, సంఘం ముద్ర వేసి, సాయంత్రానికి ఇవ్వాలన్నాడు పాస్టరు.

ఎందుకని లాజరు అడగలేదు. ఈసారి ఊరి సర్పంచి పదవి ఎస్సీ మహిళకు రిజర్వయింది. ఇద్దరే నామినేషన్ వేశారు. చంద్రమ్మ సురేందర్ మిల్లులో వడ్లు ఎండబోసే మనిషి. ఆమె గెలిస్తే పంచాయతీ మిల్లులోంచే నడుస్తుంది. కల్యాణి కూలీల ముఠాకు మేస్త్రి. తాను గెలిస్తే బూడిద ఎత్తించి బొందలగడ్డకు కంచె వేయిస్తానని ఇల్లిల్లూ తిరిగి చెబుతోంది. ఇద్దరూ ఆదివారం ఒకే చాప మీద కూర్చొని పాటలు పాడేవాళ్లే. సర్టిఫికెట్లలో మాత్రం ఇద్దరూ హిందువులు. మతం మారినట్టు రుజువైతే ఎస్సీ పోయి బీసీ-సీ అవుతారు, ఆ పదవికి పనికిరారు. సంఘానికి వచ్చే అరవై ఇళ్ల సంగతీ ఇదే. అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

“గా లెక్కన సంఘంల ఎవరు మిగులుతరు పాస్టరు గారు?” అన్నాడు లాజరు.

“అందరి సంగతి మనకెందుకండీ మాస్టారూ. ఒక్క కాగితం. మందిరానికి పిల్లర్లు లేపి మూడేళ్లయింది. స్లాబు వేయిస్తానని సురేందర్ గారు మాటిచ్చారు. ఈవిడేమో ఆయన మీదికే పోటీకి దిగింది. సంఘంలో చీలిక తెచ్చేవాళ్లను ఊరుకోమంటారా?”

తాను రాయలేనని లాజరు చెప్పాడు. పాస్టరుకు కోపం రాలేదు. జేబులోంచి రుమాలు తీసి, వంగి, బూటు అంచున పడిన బూడిద తుడుచుకున్నాడు.

“మీ పెన్షన్ కాగితాల్లో లింగయ్య అనే కదండీ ఉంది? ఎవరైనా ఆ రిజిస్టరు మొదటి పేజీ నుంచి చదవడం మొదలెడితే బాగోదు. మీ మంచి కోరే చెబుతున్నాను.”

పాస్టరు భార్య వనిత మిర్యాలగూడలో సర్కారు బడి టీచరు. ఆమె ఉద్యోగం కూడా ఎస్సీ కోటాలోదే. ఆ మాట లాజరు నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. కారు పోయాక ఆయన మళ్లీ సమాధి దగ్గరికి వెళ్లలేదు. బకెట్‌లో మిగిలిన నీళ్లు దారిలోనే పారబోశాడు.

మధ్యాహ్నం భోజనం చేయకుండానే పెట్టె తెరిచాడు. రిజిస్టరుకు తానే వేసిన గోధుమరంగు అట్ట, తానే ఎర్రసిరాతో కొట్టిన గీతలు. కల్యాణి పేరు ఉన్న పేజీ వెతకనక్కర లేకపోయింది. పన్నెండేళ్ల కింద, వేసవిలో, సాగర్ ఎడమ కాలువలో ఇచ్చిన బాప్తిస్మం. అప్పుడు మరో పాస్టరు ఉండేవాడు. నీళ్ల వడికి కల్యాణి కాళ్లు నిలవకపోతే లాజరే దిగి ఇంకో పక్క పట్టుకున్నాడు. పాత పేరు కల్యాణి, కొత్త పేరు మార్త. సాక్షి లాజరు.

ఆయన తెల్లకాగితానికి మార్జిన్ మడిచి రాయడం మొదలుపెట్టాడు. వంకరగా రాద్దామనుకున్నా చెయ్యి వినలేదు. ప్రతి అక్షరం బోర్డు మీద రాసినట్టు గుండ్రంగా, విడివిడిగా వచ్చింది. ముద్ర కూడా సరిగ్గా పడింది. సాయంత్రం పాస్టరు వచ్చి కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, మీ దస్తూరి ముత్యాలండీ అన్నాడు. లాజరు లోపలికి పోయి చేతులు కడుక్కున్నాడు. సబ్బు రుద్దాడు. అన్నం ముందు కూర్చుంటే అదే సబ్బు వాసన ముద్దకు తగిలి తినబుద్ధి కాలేదు.

శనివారం నామినేషన్ల పరిశీలన. నాలుగు ఊళ్లకు కలిపి పక్క ఊరి పంచాయతీ ఆఫీసులో జరుగుతోంది. సంతకం తనదేనని చెప్పాల్సి రావచ్చని లాజరును కూడా రమ్మన్నారు. మిల్లు గుమాస్తా సైదయ్య తన బండి మీద ఎక్కించుకొని తీసుకుపోయాడు. దారి పొడుగునా ఈ ఏడు వడ్లలో తేమ గురించి మాట్లాడాడు.

పని పది నిమిషాల్లో అయిపోయింది. సైదయ్య అభ్యంతరం కాగితం పెట్టాడు. ఎన్నికల అధికారి కళ్లజోడు సర్దుకొని చదివి, తహసీల్దారు ఇచ్చిన కుల సర్టిఫికెట్ ఉన్నంతవరకు తాను చూడాల్సింది అదేనని, మిగతాది కలెక్టరు దగ్గర తేల్చుకోవాలని చెప్పి నామినేషన్ ఒప్పుకుంది. లాజరును ఎవరూ ఏమీ అడగలేదు. ఒక్క క్షణం ఆయనకు ఊపిరి ఆడింది.

బయట చాయ్ బండి దగ్గర సైదయ్య కల్యాణిని ఆపాడు. గొంతు పెంచలేదు.

“గెలిస్తే గెలువు. గీ కాయితం సూర్యాపేటకు, కలెక్టరాఫీసుకు పోతది. నీ బిడ్డకు పాలిటెక్నిక్‌ల సీటు ఎస్సీలనే వచ్చింది గద. తప్పుకోనీకి మంగళారం మూడింటి దాంక టైమున్నది. జర సోంచాయించుకో.”

కల్యాణి కాగితం చేతికి తీసుకుంది. చదవడానికి ఎక్కువసేపు పట్టలేదు. చదివాక కూడా దాన్నే చూస్తూ నిలబడింది. మూడో తరగతిలో ఆమె పలక మీద రాయడం నేర్చుకుంది లాజరు రాసిన ఆ అక్షరాల మీద దిద్దే. తలెత్తి, చింతచెట్టు కింద బండి పక్కన నిలబడ్డ లాజరు దగ్గరికి వచ్చింది.

“గా దినం కాల్వల నన్ను పట్టుకొని ముంచింది మీరే గద సారు. ఇప్పుడు గూడ మీరే ముంచిండ్రు” అంది.

కాగితాన్ని మడత పాడు కాకుండా మళ్లీ మడిచి సైదయ్యకు ఇచ్చి, షేర్ ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

ఇంటికి వచ్చిన లాజరు తలుపు దగ్గరికి వేసుకొని మళ్లీ పెట్టె తెరిచాడు. ఈసారి మూడు కాగితాలు రాశాడు. ఒకటి చంద్రమ్మ బాప్తిస్మం. ఒకటి సభ్యుల పట్టీలో వనిత పేరున్న పేజీ. ఒకటి తనది. రాస్తుంటే ఉత్సాహం వచ్చింది. దేవుడే ఈ ఉపాయం చూపించాడని కూడా అనుకున్నాడు. మూడింటికీ ముద్ర వేసి, ఎండ తగ్గకముందే వడ్ల కొనుగోలు కేంద్రానికి నడిచాడు.

కల్యాణి అక్కడే ఉంది. ఆఫీసు నుంచి నేరుగా పనిలోకి వచ్చినట్టుంది, అదే చీర. తట్టతో వడ్లు ఎత్తి పెద్ద ఫ్యాను ముందు పోస్తోంది. గింజలు కాళ్ల దగ్గర పడుతున్నాయి, తాలు ఎగిరి లాజరు మీద పడుతోంది. ఆయన కళ్లు మూసుకొని నిలబడ్డాడు. కుప్ప అయిపోయేదాకా ఆమె ఫ్యాను ఆపలేదు. ఆపాక తలకు కట్టుకున్న తువ్వాల విప్పి దులుపుకుంది. ఆయన కాగితాలు చాపాడు.

“ఏం జేయమంటరు ఇయి తీస్కొని?”

“వాళ్లు నీది తీసిండ్రు. నువ్వు చంద్రమ్మది తియ్యి. పాస్టరమ్మది తియ్యి. నాది గూడ అండ్లనే ఉన్నది. అందరియి బయటపడితె ఎవ్వలూ ఎవ్వలినేం జేయలేరు.”

కల్యాణి కాగితాలు ముట్టుకోలేదు. తట్టను బోర్లించి దాని మీద కూర్చుంది.

“చంద్రమ్మక్క కోడలు అంగన్‌వాడీల చేస్తది. ఆమె నౌకరి పోగొట్టి నేను సర్పంచినయితె, మిల్లోనికి నాకు ఏం తేడా సారు?” అని ఆయన చేతిలోని కాగితాల వైపు చూసింది. “నిన్న నాది రాసిచ్చిండ్రు. ఇయ్యాల ఇంకో ముగ్గురియి రాసుకొచ్చిండ్రు. మీ చెయ్యి ఊకుండదా?”

లాజరు ఆ కాగితాలను జేబులో పెట్టుకోబోయి పెట్టుకోలేకపోయాడు. చేతిలోనే నలిగాయి. మరి పోటీ నుంచి తప్పుకుంటావా అని అడిగాడు. బిడ్డ కావ్య వస్తోందని, బిడ్డతో మాట్లాడాలని చెప్పి ఆమె మళ్లీ ఫ్యాను వేసింది. ఆ రొదలో ఇక మాట వినబడే వీలు లేదు. ఇంటికి వచ్చి ఆయన మూడు కాగితాలనూ పొయ్యిలో పెట్టాడు. ముద్ర వేసిన చోట నీలం సిరా చివరగా కాలింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ప్రభురాత్రి భోజనం పేరున రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే రోజు. పైగా పండుగకు ముందు చేసే సెమీ క్రిస్మస్ కూడా అదే రోజు పెట్టారు. మందిరం ముందు కట్టిన ఫ్లెక్సీలో నక్షత్రం కన్నా సురేందర్ ముఖం పెద్దది. వెనక పాక కింద బిర్యానీ డేగిశాలు పొయ్యిల మీద ఉన్నాయి, ఆ మసాలా వాసన పాటల మధ్యలోకి వస్తోంది. లాజరు ఎప్పటిలాగే ముందుగా వచ్చి, నేరేడుచర్ల బేకరీ నుంచి తెచ్చిన రొట్టె అంచులు తీసేసి, చిన్న ముక్కలు కోసి పళ్లెంలో సర్దాడు. ద్రాక్షరసాన్ని చిన్న గ్లాసుల్లో పోశాడు.

సురేందర్ వేదిక మీద మెత్తటి కుర్చీలో కూర్చున్నాడు. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చంద్రమ్మ, మిల్లువాళ్లు కొనిచ్చిన గంజి చీరలో. ఏళ్ల తరబడి చాప మీద కూర్చున్న మనిషికి ఆ కుర్చీలో కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వడ్లు కాళ్లతో తిరగేసి తిరగేసి ఆమె మడమలు పగిలి ఉన్నాయి. వాటిని చీర కిందికి లాక్కుంటోంది. ముందు వరుస చాప మీద కల్యాణి, పక్కన కావ్య.

పాస్టరు ప్రసంగమంతా అధికారం దేవుడే ఇస్తాడని, ఇచ్చినవాళ్లకు లోబడి ఉండాలని. తర్వాత సురేందర్‌ను మోకరించమని, నూనె వేలితో తీసి నుదుటికి రాసి, రెండు చేతులూ తల మీద పెట్టి ప్రార్థన చేశాడు. సెల్‌ఫోను స్టాండ్‌కు పెట్టి యూట్యూబ్‌లో లైవ్ ఇస్తున్నారు. ప్రార్థన మధ్యలో సురేందర్ ఒక కన్ను తెరిచి ఫోను ఎటు ఉందో చూసుకొని మళ్లీ మూసుకున్నాడు. లాజరు చేతులు పంచెకు తుడుచుకున్నాడు. చేతికి అంటిన రొట్టె వాసన కూడా భరించలేకపోయాడు.

“మన సిస్టర్ కల్యాణి సంఘ ఐక్యత కోసం తప్పుకోబోతున్నారు. ఆ త్యాగానికి అందరం చప్పట్లు కొడదాం” అన్నాడు పాస్టరు మైకులో.

జనం చప్పట్లు కొట్టారు. కల్యాణి కొట్టలేదు, కదల్లేదు. తాను అలా చెప్పలేదని అనడానికి ఆమె నోరు తెరిచేలోపే కీబోర్డు మొదలైంది. సంఘంలో చీలిక తెచ్చే మనసుతో ఉన్నవాళ్లు ఈ ప్రభు భోజనపు బల్లలో పాలు పొందకూడదని చెప్పి, పాస్టరు రొట్టె పళ్లెం లాజరు చేతికి ఇచ్చాడు. ఇస్తూ కళ్లతో కల్యాణి వైపు చూపి, తల అడ్డంగా ఊపాడు.

లాజరు పళ్లెం పట్టుకొని వేదిక దిగాడు. మొదటి ముగ్గురూ తీసుకున్నారు. నాలుగో మనిషి కావ్య. తర్వాత కల్యాణి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకొని నేల చూస్తోంది, ఆయన దాటిపోతాడని తెలిసినట్టు. దాటిపోవడానికి ఆయన కాలు కూడా లేచింది. ఆ కాలు కిందపెట్టాక ఇంకెటూ కదలలేదు.

ఆయన వంగి పళ్లేన్ని కల్యాణి ముందు చాప మీద పెట్టాడు. నిలబడి జనం వైపు తిరిగాడు. మైకు లేదు.

“సర్కారు కాయితాలల్ల నేను లింగయ్యను, హిందువును. గీడ లాజరును. నలభై ఏండ్లు గిట్లనే బతికిన, గిట్లనే పెన్షన్ తింటున్న. కల్యాణి మీద కాయితం రాసిచ్చింది నేనే. గా పుస్తకంల అందరి పేర్లున్నయి, తీసింది మాత్రం ఆమెదొక్కతిదే. గీ రొట్టె తినగూడని మనిషి ఎవరన్న ఉంటే నేనే.”

అప్పటికే పాస్టరు పాట ఎత్తుకున్నాడు. కీబోర్డు, డ్రమ్ములు, స్పీకర్లు. వెనక వరుసల వాళ్లు ముసలాయన దేవుడు చేసిన మేలు గురించి ఏదో సాక్ష్యం చెబుతున్నాడనుకొని పాటతో పాటు చప్పట్లు కొట్టారు. ముందు రెండు వరుసలు, వేదిక మీది వాళ్లు మాత్రమే విన్నారు. కల్యాణి ఆయన వైపు చూడలేదు. పళ్లెంలోంచి ఒక ముక్క తీసుకుని, పళ్లేన్ని పక్కామెకు అందించింది. లాజరు చెప్పులు వేసుకొని బయటికి వచ్చేశాడు. పాక కింద వంటవాళ్లు, సారు ముందే వచ్చిండు, ప్లేటు పెట్టండని పిలిచారు.

సోమవారం ఎవరూ ఆయన ఇంటికి రాలేదు. మంగళవారం పొద్దున ఆయనే బయల్దేరి నామినేషన్ల ఉపసంహరణ జరిగే ఆ పక్క ఊరి ఆఫీసుకు మళ్లీ పోయాడు. ఎందుకు పోతున్నాడో ఆయనకే సరిగ్గా తెలియదు. కల్యాణి వరండాలో బల్ల మీద కూర్చుంది, కావ్య పక్కన. తప్పుకోనని సైదయ్యకు పొద్దుననే చెప్పేసిందట. సీటు పోతే పోనీ, కూలికి పోయి అయినా చదువుకుంటానని కావ్య అందట. ఈ మాటలు చాయ్ బండి దగ్గర విన్నాడు. అయినా సైదయ్య ఆశ వదులుకోలేదు. మూడు లోపల ఆమె దిగివస్తుందని బంతిపూల దండలు, డప్పులవాళ్లు ట్రాలీ ఆటోలో సిద్ధంగా ఉన్నారు.

రెండున్నరకు చంద్రమ్మ వచ్చింది. గంజి చీర కాదు, పనికి కట్టుకునే పాత చీర. సైదయ్య దండ పట్టుకొని ఎదురుపోయాడు. ఆమె పక్కనుంచి నడిచి లోపలికి పోయి, పోటీ నుంచి తప్పుకునే కాగితం ఇవ్వమని ఆఫీసు గుమాస్తాను అడిగింది.

సైదయ్య వెనకే పరిగెత్తి, నీది కాదు, ఆమెది అన్నాడు. చంద్రమ్మ తిరిగి చూసింది.

“నాదే. ఆదివారం సారు జెప్పింది ఇన్న. గా పుస్తకంల నా పేరు గూడ ఉన్నది. నేను మీ మాట ఇనని దినం నాది గూడ తీస్తరు. గట్ల భయపడుకుంట కుర్సీల ఎందుకు కూసోవాలె? మా ఆయన గూడ గా బూడిద కిందనే ఉన్నడు. ఏడున్నడో జాగ గూడ గుర్తు పట్టరాదు.”

సైదయ్య ఫోను తీసి సురేందర్‌కు కలిపి, మాట్లాడమని ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని చెవి దగ్గర పెట్టుకుంది. అవతలి గొంతు చుట్టుపక్కల వాళ్లకు కూడా వినబడుతోంది. రేపటి నుంచి మిల్లు గేటు దగ్గర కనిపించొద్దంటున్నాడు. ఆమె మంచిది అయ్యా అని చెప్పి ఫోను తిరిగి ఇచ్చేసింది. ఆఫీసు గుమాస్తా చూపించిన చోట సంతకం చేసింది. సంతకం చేయడం ఇంకా అలవాటు కాలేదు, మూడు అక్షరాలకు చాలాసేపు పట్టింది.

మూడు దాటాక ఎన్నికల అధికారి బయటికి వచ్చి, కల్యాణి ఏకగ్రీవంగా ఎన్నికైనట్టు చదివింది. డప్పులవాళ్లు కొట్టాలో వద్దో తెలియక సైదయ్య ముఖం చూశారు. కల్యాణి గెలుపు కాగితం తీసుకొని, చంద్రమ్మ పక్కకు పోయి నిలబడింది. ఇద్దరి చేతులూ చెమటతో ఉన్నట్టున్నాయి, చీర కొంగులకు తుడుచుకుంటున్నారు.

అప్పుడు పాస్టరు కారు వచ్చింది. ఎవరో ఫోను చేసినట్టున్నారు. దిగుతూనే దేవునికి స్తోత్రం అంటూ కల్యాణి దగ్గరికి వచ్చి, ప్రార్థన చేయడానికి తల మీదికి చెయ్యి ఎత్తాడు. కల్యాణి తల పక్కకు తీసుకుంది. చెయ్యి కాసేపు గాలిలోనే ఉండి, పాస్టరు జుట్టు సవరించుకోవడానికి పనికొచ్చింది.

నేరేడుచర్ల వైపు పోయే షేర్ ఆటో ఆగింది. కావ్య ఎక్కింది, చంద్రమ్మ ఎక్కింది. వెనక ఇంకొక్కరికి జాగా ఉంది. లాజరు రెండడుగులు ముందుకు వేశాడు. కల్యాణి ఆయన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఒకప్పుడు ఆయన్ను చూడగానే లేచి నిలబడే మర్యాద కూడా లేదు. కొంగు దగ్గరికి తీసుకొని తానే ఎక్కి కూర్చుంది, డ్రైవరుకు పోనిమ్మని చెప్పింది.

ఆటో మలుపు తిరిగేదాకా చూసి, పాస్టరు కారు ముందు తలుపు తెరిచాడు. లోపల ఏసీ చల్లదనం లాజరు ముఖానికి తగిలింది.

“రండి మాస్టారూ, ఇంటి దగ్గర దింపుతాను. ఆదివారం సంగతి నేను మర్చిపోయాను, మీరూ మర్చిపోండి. ఇరవయ్యో తారీఖు కోదాడలో క్రిస్మస్ మహాసభ. మన సంఘం బిడ్డ సర్పంచి అయింది కదా, ప్రభువే గెలిపించాడని వేదిక మీద సాక్ష్యం చెప్పించాలి. మీ మాటైతే కాదనదు. మీరే ఒప్పించాలి.”

లాజరు నోట్లో ఉమ్మి ఊరింది. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు రోడ్డు మీద ఉమ్మొద్దని చెప్పిన మనిషి. తెరిచిన కారు తలుపు పక్కగా నడిచి, అంచున గడ్డిలో ఉమ్మాడు. తేలిక పడతాననుకున్నాడు. నోటి చేదు పోలేదు. ఊరు నాలుగు కిలోమీటర్లు. పంచె పైకి కట్టి, ఆటో పోయిన దారినే నడవడం మొదలుపెట్టాడు.